ఎరుపు లేని పసుపు చీర

మొన్నామధ్య మా వదిన ఆమదాలవలస నుంచి ఫోన్ చేసింది. మా పుట్టింట్లో అమ్మ వాడిన చెక్కబీరువాకి చెదలు పట్టిందట. బయట పారేసే ముందు అందులోవన్నీ తీసి మంచం మీద పరిచిందట. అన్నయ్య పాత చొక్కాలు, అమ్మ శాలువా, ఎవరివో పెళ్ళి ఫోటోలు, వాటన్నిటి అడుగున ఒక చీర. “ఒసే, ఇది నీదే కదా? మడత ఇప్పనేదు. పసుపుపచ్చ సీర. కొంగుకి ఏదో ముడేసున్నాది. ఏటిది?” అంది. నేను విశాఖపట్నంలో మా వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. వదిన పసుపుపచ్చ అనగానే నా చేతులు ఆగిపోయాయి. అది ఎవరిదో, అక్కడికి ఎలా వచ్చిందో నాకు వెంటనే తెలిసింది. తెలిసి కూడా “ఏమో వదినా, గుర్తు రావడం లేదు” అన్నాను. ఇంత వయసు వచ్చాక కూడా ఇరుకున పడితే నా నోరు ముందు అబద్ధం వైపే పోతుంది. ముడి ఇప్పి చూడమంటావా అని అడిగితే మాత్రం గాభరాగా వద్దన్నాను, నేనే వస్తానన్నాను. ఆ ముడిలో ఏముందో నాకు తెలుసు. రెండు పసుపు కొమ్ములు.

ఆ చీర నాది కాదు. నాకు అప్పగించినది. అప్పగించిన మనిషి ఇప్పుడు లేదు. నేను దేశాల గురించి, వీధుల గురించి, తిండి గురించి చాలా రాశాను. మూడు పుస్తకాలు వేశాను, సభల్లో శాలువాలు కప్పించుకున్నాను, ‘మనుషులను ప్రేమగా చూసే రచయిత్రి’ అని పొగిడితే తల వంచుకుని విన్నాను. ఈ చీర సంగతి మాత్రం ఎక్కడా రాయలేదు. సగం రాశాను, అదీ నవ్వులాటగా. మిగతా సగం ఇప్పుడు రాస్తున్నాను.

మా ఆయనకు పెనాంగ్‌లో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చినప్పుడు మాకు పెళ్ళయి నాలుగేళ్ళు. పిల్లలు ఇంకా లేరు. ఆయన పొద్దున్నే కంపెనీ బస్సెక్కితే మళ్ళీ చీకటి పడేవేళకే రావడం. పదకొండో అంతస్తులో నేను, కిటికీలోంచి సముద్రం. సముద్రం ఎన్నాళ్ళని చూస్తాం? నెల తిరక్కుండానే బస్సు నంబర్లు నేర్చుకుని జార్జ్‌టౌన్‌లో ఇండియావాళ్ళ వీధుల్లోకి దిగడం మొదలుపెట్టాను. దుకాణాల ముందు పైకప్పు ఉన్న వసారాలు ఒకదాన్నొకటి అంటుకుని వీధి పొడుగునా ఉండేవి. వానొచ్చినా ఎండొచ్చినా వాటి కింద నడిచి ఊరంతా తిరగొచ్చు. ఒక మలుపులో మల్లెదండలు కట్టేవాళ్ళు, పక్కనే క్యాసెట్ల కొట్లో తమిళపాట హోరు, నాలుగు అడుగులేస్తే పరోటా పిండిని బల్లకేసి కొడుతున్న చప్పుడు, దాని ఎదురుగా చీనావాళ్ళ గుడిలో చుట్టలు చుట్టలుగా వేలాడే అగరొత్తులు. మసీదులో పిలుపు, గుడిలో మేళం ఒకేసారి వినబడేవి, ఎవరూ ఎవరినీ పట్టించుకునేవారు కాదు. చిలక జోస్యుడు ఒకడు మూడు భాషల్లో అబద్ధాలు చెప్పేవాడు. నేను ఒక్క భాషలోనే చెప్పగలనని అప్పటికి నాకు తెలియదు.

ఒక తెలుగు వారపత్రికకు నెలకోసారి ఆ వీధుల గురించి రాస్తానని ఒప్పుకున్నాను. దాంతో నా తిరుగుడుకు పని అనే పేరు వచ్చింది. చేతిసంచిలో ఒక నోటుపుస్తకం, పెన్ను. ఎవరేమన్నా టక్కున రాసేసుకోవడం. అలా ఒకరోజు బజారు వెనక సందులో నడుస్తుంటే పచ్చి మసాలా నూరే వాసన వచ్చింది. మా నాయనమ్మ పసుపు ఉడకబెట్టి ఎండేసి రోట్లో దంచే రోజుల్లో ఇల్లంతా పట్టుకునే వాసన. తుమ్ములొచ్చేవి, కళ్ళు మండేవి, దగ్గరకు వస్తే నాయనమ్మ పెద్ద కొప్పు ఊపుతూ తరిమేది. ఆ వాసన పట్టుకుని వెళ్ళాను. ఒక పాత ఇంటి వసారాలో, నడుం ఎత్తు అరుగు మీద నల్లటి పెద్ద సన్నికల్లు. దానిమీద పొత్రాన్ని రెండు చేతులా తోస్తూ డెబ్బయ్యేళ్ళ ముసలావిడ. పక్కన అరటాకు ముక్కల మీద వరసగా నూరిన ఎర్రటి మిరపముద్ద, పచ్చటి పసుపుముద్ద, ధనియాల ముద్ద. ఆ ఊరివాళ్ళు కూరకి కావలసినంత కొనుక్కుపోతారు. మోచేతుల దాకా ఆవిడ చర్మం పసుపుపచ్చగా ఉంది. పొత్రం జారితే తనలో తాను గొణుక్కుంది. “ఏటే ఇది, ఇయ్యాల ఇంత మొరాయిస్తన్నాది.”

నేను నిలబడిపోయాను. అది మా అమ్మ యాస. మా చావడిలో, మా కళ్ళంలో, మా రైలుగేటు దగ్గర వినబడే యాస. కాలేజీకి వైజాగ్ వచ్చిన మొదటి ఏడు హాస్టల్లో అమ్మాయిలు నవ్వితే, పట్టుబట్టి, అద్దం ముందు నిలబడి, నాలిక మీద నుంచి తోమేసుకున్న యాస. ఆ మాటలు మాట్లాడే మనిషి ఆ సముద్రం ఇవతల ఎలా ఉందో అర్థం కాలేదు. “మీరు తెలుగువారా?” అని అడిగాను. ఆవిడ తలెత్తి నన్ను పైనుంచి కిందకి చూసింది. “కాకపోతే తెలుగులో తిట్టుకుంటానా? నువ్వే ఊరు తల్లీ?” అంది. “వైజాగ్” అన్నాను. ఆమదాలవలస అని ఎందుకు అనలేదో ఇప్పుడు చెప్పమంటే చెప్పగలను. అప్పుడు అనాలనే తోచలేదు.

ఆవిడ పేరు అప్పలమ్మ. అందరూ అప్పలమామ్మ అనేవారు, నేనూ అలాగే పిలిచాను. ఆవిడ మామ్మ, అంటే అమ్మకి అమ్మ, శ్రీకాకుళం జిల్లా నుంచి ఓడెక్కి కొబ్బరితోటల్లో కూలికి వచ్చిందట. అమ్మ తోటల్లోనే పుట్టింది, తనూ తోటల్లోనే పుట్టింది. ఇండియా మొహం చూడలేదు. తెలుగు అక్షరం ఒక్కటి రాదు. మనవరాలు లత బళ్ళో టీచరు, ఇంట్లో వాళ్ళిద్దరే. నన్ను చూస్తే చాలు మామ్మ సన్నికల్లు వదిలి చేతులు కడుక్కునేది. “రాతలమ్మొచ్చింది. కూకో తల్లీ. ఏటి రాస్తావో రాయి” అనేది. అలా నా పేరు రాతలమ్మ అయిపోయింది. నా పెన్ను ఎండిపోతే లత పెన్ను తెచ్చి ఇచ్చేది. నేను మామ్మ మాటలన్నీ రాసుకునేదాన్ని. కొన్ని మా ఊళ్ళో కూడా మాయమైన మాటలు. మధ్య మధ్యలో మలయా మాటలు పడేవి, బజారుని పాసర్ అనేది. ఆవిడ అడిగేది ఒక్కటే. “ఏట్లో నీరున్నాదా? వంశధార ఇప్పుటికీ అంత వెడల్పు ఉంటాదా?” నేను బస్సు కిటికీలోంచి చూసిన ఏటిని తలుచుకుని ఉంటుందని చెప్పేదాన్ని.

ఆ ఇంటి పెరట్లో కరివేపచెట్టు మొదట్లో ఒక గుండ్రాయి ఉండేది. రాయంతా పసుపు. ఒక్క చుక్క కుంకం లేదు. చుట్టూ బంతిపూలు, తెల్ల మందారాలు. శుక్రవారం శుక్రవారం మామ్మ ఒక కుండలో పసుపునీళ్ళు కలిపి, దొరికితే వేపమండ, దొరక్కపోతే కరివేపమండ వేసి, నెత్తిమీద పెట్టుకుని పెరట్లో మూడుసార్లు తిరిగి రాయి మీద పోసేది. మావైపు దాన్ని ముర్రాట అంటారు. మా అమ్మ ఏటా గ్రామదేవతకి ముర్రాట మోసేది. కొత్త కుండ, తడి చీర, వీధంతా ఆడవాళ్ళు వరసగా. చిన్నప్పుడు నేనూ చిన్న చెంబు నెత్తిన పెట్టుకుని అమ్మ వెనక నడిచాను. హైస్కూలుకు వచ్చాక మాత్రం రానన్నాను. స్టేషను బజారులో ఉండే నా స్నేహితురాళ్ళు మేడ మీద నుంచి చూస్తారని నా బాధ. అమ్మ చెంబు తీసి అటక మీద పెట్టేసింది. పెనాంగ్‌లో ఆ రాయిని చూసి నాకు కలిగింది భక్తీ కాదు, ఇష్టమూ కాదు. బాగా రాయొచ్చు అనుకున్నాను. పైగా “మామ్మా, అమ్మవారికి కుంకం పెట్టకపోతే ఎలా?” అని తెలిసినదానిలా అడిగాను. ఆవిడ నవ్వి “మా తల్లికి ఇదే అలవాటు” అంది. పాపం, ఇక్కడివాళ్ళకి పద్ధతులు తెలియవు అనుకుని, అదే రాసుకున్నాను.

మేం సెలవులకు ఇండియా వస్తున్నామని తెలిసిన రోజు మామ్మ నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి ఆ రాయి దగ్గర కూర్చోబెట్టింది. వాళ్ళ మామ్మ ఓడెక్కే ముందు మొక్కుకుందట. శ్రీముఖలింగం దాటాక ఏటిగట్టు మీద ఈతగట్టు అనే ఊరు, ఆ ఊళ్ళో గట్టు పోలమ్మ. ప్రాణంతో ఒడ్డు చేరితే, కడుపు పండితే, తిరిగొచ్చి పసుపు చీర పెడతాను అని. ఒడ్డు చేరింది, కడుపు పండింది, తిరిగి వెళ్ళలేదు. పోతూ పోతూ కూతురికి చెప్పింది. కూతురూ వెళ్ళలేదు. తను పోతూ అప్పలమ్మకి చెప్పింది. “నా మోకాళ్ళు సూసావు కదా, పాసర్‌కే ఎల్లలేను. నాను పోతే ఇంక సెప్పడానికి ఎవులున్నారు? లతకి ఆ ఊరెక్కడో తెలదు. నువ్వా గడ్డ మీద దానివి. మా తల్లికాడికి ఎల్లి ఈ సీరొక్కటి ఎట్టేసి రా. నాకింకేటీ అక్కర్నేదు” అంది. ఆవిడ నా చెయ్యి పట్టుకున్న చోట పసుపు మరక అయింది. నేను తప్పకుండా అన్నాను. నాకా క్షణంలో నిజంగానే కళ్ళు చెమర్చాయి. ఆ సంగతి కూడా రాసుకున్నాను.

మర్నాడు చీర కొనడానికి బయల్దేరాం. లత బడికి సెలవు పెట్టింది. మామ్మ ఒక చెయ్యి లత భుజం మీద, ఒక చెయ్యి నా భుజం మీద వేసుకుని కుంటుకుంటూ వచ్చింది. ఆ వీధుల్లో చీరల కొట్లకి కొదవ లేదు. పసుపు చీరలూ బోలెడు. ప్రతి పసుపు చీరకీ ఎర్ర అంచు ఉండేది. మామ్మ అంచు చూడగానే తల అడ్డంగా ఊపేది. అంచు ఆకుపచ్చదైతే లోపల ఎర్రపోగు ఉందేమో అని గుడ్డ తిరగేసి, వెలుగులో పట్టి, కళ్ళు చికిలించి చూసేది. ఒక కొట్టతను విసుక్కుని తమిళంలో ఏదో అన్నాడు. మామ్మ అంతకంటే పెద్ద తమిళంలో జవాబిచ్చింది. “అంచు ఎర్రగా ఉంటే ఏమైంది మామ్మా, అందంగా ఉంటుంది కదా” అన్నాను నేను, కాళ్ళు లాగుతుంటే. “నీకు అందం తల్లీ, ఆవిడకి కాదు” అంది. పదకొండు కొట్లు తిరిగాక, పన్నెండో కొట్లో, మాసిపోయిన అద్దాల బీరువా అడుగున ఒక నూలుచీర దొరికింది. అంచూ పసుపే, కాస్త ముదురు. మామ్మ దాన్ని ఎత్తుకున్న తీరు చూసి కొట్టతనే నవ్వేశాడు. ఇంటికొచ్చాక కొంగుకి రెండు పసుపు కొమ్ములు ముడివేసి, నా రెండు చేతుల్లో పెట్టి, చేతులతో సహా కళ్ళకద్దుకుంది.

ఆ వారమే నేను పత్రికకి వ్యాసం పంపాను. ‘పసుపు చీర కోసం పన్నెండు కొట్లు.’ ఎర్రపోగు కోసం గుడ్డ తిరగేసే ముసలమ్మ, విసుక్కునే కొట్టతను, పద్ధతి తెలియని పూజ, కాళ్ళు పీకే రచయిత్రి. బాగా నవ్వొచ్చేలా రాశాను. ఎంతో నవ్వుకున్నామని ఎందరో ఉత్తరాలు రాశారు. ఆ వ్యాసం తర్వాత నా మొదటి పుస్తకంలో మొదటి వ్యాసం అయింది. లతకి తెలుగు చదవడం రాదు. మామ్మకి ఏ చదువూ రాదు. అది నాకు ఎంత సౌకర్యంగా ఉండేదో.

ఇండియాలో మేం పదిహేడు రోజులు ఉన్నాం. ఆమదాలవలసలో పదిరోజులు. ఈతగట్టు మా ఇంటి నుంచి గంటన్నర కూడా ఉండదు. మొదటిరోజే వదినకి చెప్పాను. వదిన పల్లెటూరి మనిషి, ఇలాంటివాటికి ముందుంటుంది. “ఓలమ్మ, ఎంత మంచి పని. ఆటో మాటాడతాను, రేప్పొద్దున్నే ఎల్దాం” అంది. రేపు అన్నాను. మర్నాడు మేనమామగారింట్లో భోజనం. ఆ మర్నాడు వాన. తర్వాత మా ఆయన తరఫువాళ్ళు బొబ్బిలి నుంచి వచ్చారు, వాళ్ళ ముందు ఊరూ పేరూ తెలియని అమ్మవారి గుడికి చీర పట్టుకుపోతున్నానని చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. మా అత్తగారు నన్ను వైజాగ్ కోడలిగానే చూసేవారు, ఆ ఎత్తు మీద నుంచి దిగడం ఎందుకని. తర్వాత అందరం పెళ్ళికి వెళ్ళాం, నగలు, ఫోటోలు. వదిన ఆఖరిరోజు కూడా అడిగింది. “సీరెట్టడానికి ఎల్దామా?” అని. బట్టలు సర్దుతున్నాను. “నువ్వు వెళ్ళినప్పుడు ఇచ్చేద్దువుగాని వదినా” అన్నాను. “మొక్కు ఎవులిదో నాకు తెలదు, ఎవులి పేరు మీదిమ్మంటావు?” అంది వదిన. సాయంత్రం చెప్తానని చీర అమ్మ బీరువాలో పెట్టాను. సాయంత్రం రైలెక్కేశాం. ఎవరూ అడ్డుపడలేదు. వాన కూడా ఒక్కరోజే వచ్చింది. ఈ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను, ఎన్నిసార్లు చెప్పుకున్నా వేరే కారణం ఏదీ దొరకలేదు.

పెనాంగ్ తిరిగొచ్చాక నాలుగురోజులు ఆ వీధి వైపు వెళ్ళలేదు. ఐదోరోజు లత ఫోన్ చేసింది, మామ్మ రోజూ వసారాలోనే కూర్చుంటోంది అని. బయల్దేరాను. దారిలో నిజం చెప్పేద్దామనే అనుకున్నాను. బస్సు దిగాక, వాళ్ళ సందుకి రెండు వీధుల ఇవతల, పూజ సామాన్ల కొట్టు ముందు నా కాళ్ళు ఆగాయి. కుంకం పొట్లం కొన్నాను. కొట్టు పేరున్న కాగితం పారేసి, సంచిలో ఉన్న తెలుగు పత్రిక చింపి దాంట్లో పొట్లం కట్టాను. ఆ తెలివి చూడండి. పత్రికలో నా వ్యాసం ఉన్న పేజీ కాకుండా చూసుకుని మరీ చింపాను.

మామ్మ స్నానం చేసి ఉతికిన చీర కట్టుకుని ఉంది. వసారాలో సన్నికల్లు కడిగి బోర్లించి ఉంది. నేను పొట్లం ఆవిడ చేతిలో పెట్టి “అమ్మవారి ప్రసాదం మామ్మా” అన్నాను. ఆవిడ దాన్ని రెండు చేతులా అందుకుని నెమ్మదిగా విప్పింది. చూసింది. కాసేపు అలాగే చూసింది. “కుంకమా?” అంది. నేను అవునన్నాను. “దారి బాగున్నాదా?” “బాగుంది.” “ఏట్లో నీరున్నాదా?” “నిండుగా ఉంది.” “సీర కట్టేరా?” “పూజారి కట్టాడు. చాలా బాగుంది మామ్మా, అమ్మవారు వెలిగిపోయింది.” అడిగినదానికంటే ఒక మాట ఎక్కువే చెప్పాను. అబద్ధం చెప్పేవాళ్ళందరి అలవాటే అది. ఆవిడ నా మొహం వైపు కొంచెం చూసి, పొట్లం మళ్ళీ కట్టేసి, లతను పిలిచింది. “రాతలమ్మకి బొట్టెట్టమ్మా. అంత దూరం ఎల్లొచ్చింది” అంది. లత నా నుదుట కుంకం పెట్టింది. మామ్మ పొట్లాన్ని పెరట్లోకి తీసుకెళ్ళలేదు, వాకిట్లో కిటికీగూట్లో పెట్టించింది. బొట్టు పెట్టించడం నాకిచ్చిన ఆశీర్వాదం అనుకున్నాను. “అలిసిపోయావు. అన్నం తినేసి ఎల్లు” అంది. చేపల పులుసు, నువ్వులపొడి. రెండుసార్లు వడ్డించింది. నేను తిన్నాను, బాగానే తిన్నాను. ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సులో నాకు ఊపిరి తేలికగా ఆడింది. గండం గడిచిందనుకున్నాను.

ఆ తర్వాత ఇంకో ఏడాదిన్నర అక్కడ ఉన్నాం. మామ్మ ఎప్పటిలాగే కూకో తల్లీ అనేది. చీర మాట మళ్ళీ ఎత్తలేదు. ఏట్లో నీళ్ళ సంగతి కూడా అడగలేదు. అడగనందుకు నేను సంతోషించాను. మేం వచ్చేశాక రెండేళ్ళకు పోయిందని లత ఉత్తరం రాసింది. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. నేను ఒక సంతాప వ్యాసం రాశాను, దానికీ ఉత్తరాలు వచ్చాయి. తర్వాత సెల్‌ఫోన్లు వచ్చాయి, లతా నేనూ ఏటా ఉగాదికి ఒకళ్ళకొకళ్ళం మెసేజ్ పెట్టుకుంటాం. అంతకుమించి ఏమీ లేదు.

వదిన ఫోన్ చేసిన మూడోరోజు ఆమదాలవలస వెళ్ళాను. చీర మడతల దగ్గర రంగు వెలిసింది, ముడి మాత్రం గట్టిగానే ఉంది. వదినకి మొత్తం చెప్పాను. ఆవిడ పప్పు చెరుగుతూ వింది. తిడుతుందనుకున్నాను. “ఆటో మాటాడతాను, పొద్దున్నే ఎల్దాం” అంది, అప్పుడన్నట్టే. దారి ఇప్పుడు నున్నటి తారు. ఆటో అబ్బాయి దారిపొడుగునా భోగాపురం విమానాశ్రయం గురించి చెప్పాడు. ఇంక పిల్లలు ఇక్కడినుంచే నేరుగా విదేశాలకు ఎగురుతారట. అప్పలమామ్మ మామ్మ ఈ నేల వదిలి ఎన్నాళ్ళు ఓడలో పడి ఉందో. ఆ రోజుల్లో నేను రెండు రైళ్ళు, రెండు విమానాలు మారి సముద్రం దాటాను. దాటలేకపోయింది ఈ గంటన్నర దారి. శ్రీముఖలింగం దాటి ఏటిగట్టు ఎక్కేసరికి ఎండెక్కింది. ఏట్లో నీళ్ళు ఒక పాయలోనే ఉన్నాయి, మిగతా అంతా ఇసుక. ఎవరైనా అడిగితే నేను ఇప్పుడు నిజం చెప్పగలను.

గట్టు పోలమ్మది చిన్న సిమెంటు గది. లోపల గోడలకి పలకలు అతికించారు, ఫ్యాను పెట్టారు. నడిమధ్య ఒక గుండ్రాయి. రాయంతా పసుపు. పూజారి పొలం వెళ్ళాడట, ఆయన భార్య ముంగిలి ఊడుస్తోంది. వదిన తెచ్చిన పళ్ళెంలో కొబ్బరికాయ, అరటిపళ్ళు, పసుపు, కుంకం ఉన్నాయి. ఆవిడ పళ్ళెం అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. “కుంకం బయటెట్టండమ్మా. ఈ తల్లికి ఎరుపు పనికిరాదు” అంది. “అంటే?” అన్నాను. “కుంకం ఎట్టం. ఎర్రపూలు తేం. కోడి కొయ్యం. సీరకి ఎర్రపోగున్నా గడప దాటనివ్వం. ఎందుకంటే ఏటి సెప్తాను, మా తాతల కాడ్నుంచీ అంతే. మా తల్లికాడ ప్రసాదమంటే పసుపే. ఈ సుట్టుపక్కల సిన్నగుంటకైనా తెలుస్తాది.”

నేను గట్టు మీద కూర్చున్నాను. పన్నెండు కొట్లు, వెలుగులో తిరగేసిన అంచులు, కరివేపచెట్టు కింద తెల్ల మందారాలు, అన్నీ ఒక్కసారి వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. ఇండియా మొహం చూడని మనిషికి అన్నీ తెలుసు. పొట్లం విప్పిన క్షణంలోనే తెలిసింది. తెలిశాకే ఏట్లో నీరున్నాదా అని అడిగింది, చీర కట్టేరా అని అడిగింది. నేను ఆగుతానేమో అని మూడుసార్లు అవకాశం ఇచ్చింది. నేను ఆగలేదు. అప్పుడు ఆ ఎరుపు నా నుదుటనే పెట్టించి, అన్నం పెట్టి పంపింది. పద్ధతి తెలియని పూజ అని రాసిన పుస్తకం ఇప్పటికి నాలుగుసార్లు అచ్చయింది. సిగ్గుతో ఒళ్ళు కాలడం అంటే ఏమిటో నాకు ఆ గట్టు మీద తెలిసింది. వదిన కొంగుతో నా మొహం తుడిచింది.

పూజారి భార్య చీర విప్పి, అంచు తిరగేసి, వెలుగులో పట్టి చూసింది. సరిగ్గా అలాగే. “బాగా సూసి కొన్నారు” అంది. “ఎవులి పేరు సెప్పమంటారు?” అని అడిగింది. ఇంటిపేరు మామ్మ చెప్పింది, నేను రాసుకున్నాను, ఆ నోటుపుస్తకం ఎప్పుడో తూకానికి వేశాను. “అప్పలమ్మ” అన్నాను. “ఆవిడ మామ్మ మొక్కు. ఓడెక్కి ఎల్లిపోనాది. సీర ఎప్పుడో ఇచ్చేరు. ఆలీసం సేసింది నాను.” వదిన నా వైపు తిరిగి చూసింది. నలభై ఏళ్ళుగా నా నోట ఆ మాట తీరు ఆవిడ వినలేదు. నేనూ వినలేదు.

రాయికి చీర కట్టాక ఫోటో తీసి లతకి పంపాను. కింద జరిగినదంతా రాశాను, ఇంగ్లీషులోనే. వెళ్ళలేదని, కుంకం అక్కడే కొన్నానని, ఇవాళే వచ్చానని. తిరుగుదారిలో ఆటోలో ఉండగా లత గొంతు రికార్డు చేసి పంపిన మెసేజ్ వచ్చింది. బళ్ళో ఇంగ్లీషు చెప్పే లత, మామ్మ తెలుగులోనే మాట్లాడింది. “అక్కా, నాకు ఆ రోజే తెలుసు. మామ్మే సెప్పింది. ఈ పిల్ల ఎల్లనేదే అంది. మరి అడుగుదామా మామ్మా అన్నాను నాను. వద్దంది. అడిగితే సిగ్గుపడతాది, మళ్ళీ మనింటికి రాదు, ఆ గడ్డ మీద పుట్టింది కదా, ఎప్పుడో ఒకప్పుడు ఎల్తాది అంది. ఫోటో మామ్మ పటం కాడ ఎడతాను అక్కా.”

వదిన ఇంకోసారి పెట్టమంది. మళ్ళీ విన్నాం. నా ఒళ్ళో ఆకు దొన్నెలో పసుపు ఉంది, పూజారి భార్య ఇచ్చింది, లతకి పంపాలి. మామ్మ అన్నీ సరిగ్గానే చెప్పింది. ఒక్కచోటే పొరబడింది. ఆ రోజు అడిగి ఉన్నా నేను సిగ్గుపడేదాన్ని కాదు. ఇంకో అబద్ధం చెప్పేదాన్ని.